వీధిలో బెడద.. చెప్పుకొనేదెవరికి?

హుజూరాబాద్: ఇంటి ముందు మురుగు రోజుల తరబడి నిలిచిపోతుంది. రాత్రి పది దాటినా డీజే మోత ఆగదు. వీధి చివర చీకట్లో మద్యం సీసాలు పగులుతుంటాయి. బడికి వెళ్లే పిల్లల వెంట కుక్కలు పడతాయి. ఇటువంటి ఇబ్బంది ఏది ఎదురైనా చాలామంది ముందుగా పోలీస్ స్టేషన్‌కు వెళతారు. అది తమ పరిధిలోనిది కాదని అక్కడ చెబితే పురపాలక కార్యాలయానికి, అక్కడి నుంచి మరో చోటికి తిరిగి, చివరకు విసిగి మిన్నకుంటారు. సమస్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఏ బెడదను తొలగించే అధికారం ఎవరికి ఉందో తెలియకపోవడం, చేసిన ఫిర్యాదుకు ఆధారం దగ్గర ఉంచుకోకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. హుజూరాబాద్ పట్టణం, పరిసర మండలాల ప్రజలకు ఉపకరించేలా ఆ వివరాలు ఇవీ.

పరిధి తెలిస్తే సగం పని

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు హుజూరాబాద్ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. అదే సమయంలో కరీంనగర్ పోలీస్ కమిషనరేట్ ఏర్పడింది. దాంతో సబ్ డివిజన్ స్థాయి పోలీసు అధికారిగా ఏసీపీ, రెవెన్యూ అధికారిగా ఆర్డీవో హుజూరాబాద్‌లోనే అందుబాటులోకి వచ్చారు. అనేక ఫిర్యాదులకు ఇప్పుడు కరీంనగర్ దాకా వెళ్లవలసిన అవసరం లేదు.

కమలాపూర్ మండలవాసులు మాత్రం ఒక విషయం గమనించాలి. ఆ మండలం హుజూరాబాద్ శాసనసభ నియోజకవర్గంలోనే ఉన్నా, పరిపాలనపరంగా హన్మకొండ జిల్లాలోకి, పోలీసుల పరంగా వరంగల్ కమిషనరేట్ పరిధిలోకి వెళ్లింది. కనుక వారి వినతులు హన్మకొండ కలెక్టరేట్‌కే చేరాలి. హుజూరాబాద్, జమ్మికుంట పట్టణాల్లో పారిశుద్ధ్యం, వీధి దీపాలు, కాల్వలు పురపాలక సంఘాల బాధ్యత. గ్రామాల్లో అవే పనులు గ్రామ పంచాయతీవి.

పోలీసులు వెంటనే స్పందించాల్సినవి

కొట్లాట, దొంగతనం, బెదిరింపు, మహిళలను వెంబడించడం, ఇంట్లోకి చొరబడటం వంటివి జరుగుతున్నప్పుడు ఆలోచించకుండా 112కు ఫోన్ చేయాలి. వీధి పేరు, దగ్గరలోని గుడి, బడి లేదా దుకాణం గుర్తు చెబితే సిబ్బంది త్వరగా చేరుకోగలుగుతారు.

2024 జులై 1 నుంచి దేశంలో పాత నేర శిక్షాస్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులోని 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. నేరం మరో స్టేషన్ పరిధిలో జరిగిందన్న కారణంతో తిప్పి పంపడానికి వీల్లేదు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ ఫిర్యాదు పంపవచ్చు. మూడు రోజుల్లోగా దానిపై సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలని 193వ సెక్షన్ చెబుతోంది. స్టేషన్‌లో కేసు నమోదుకు నిరాకరిస్తే ఫిర్యాదును తపాలా ద్వారా పోలీసు ఉన్నతాధికారికి పంపవచ్చు. అప్పటికీ ఫలితం లేకుంటే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

కాగితం చేతిలో ఉంటే కేసు మారుతుంది

పొరుగువారు చెత్త వీధిలో పోస్తున్నారనో, మురుగు రోడ్డుపైకి వదులుతున్నారనో ఫిర్యాదు చేస్తే పోలీసులు వెంటనే కేసు పెట్టరు. ఇందులో వారి నిర్లక్ష్యమే ఉందనుకోవడం సరికాదు. ప్రజలందరికీ ఇబ్బంది కలిగించే పనిని భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ ‘ప్రజాబాధ’గా నిర్వచించింది. 292వ సెక్షన్ కింద దానికి శిక్ష రూ.1,000 వరకు జరిమానా మాత్రమే. పైగా అది మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం. స్టేషన్‌లో వివరాలు నమోదు చేసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేట్ వద్దకు వెళ్లమనడమే వారు చేయగలిగింది.

అయితే ఆ పని ఆపాలని అధికారం గల ప్రభుత్వాధికారి ఒకసారి ఉత్తర్వు ఇచ్చిన తర్వాత కూడా కొనసాగిస్తే పరిస్థితి మారిపోతుంది. అప్పుడు 293వ సెక్షన్ వర్తిస్తుంది. ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరమది. అంటే ముందుగా సంపాదించవలసింది అధికారి ఉత్తర్వు. అది చేతిలో ఉంటే అదే పోలీస్ స్టేషన్‌లో అదే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది.

కొన్ని ఇబ్బందుల్లో ఉత్తర్వు కోసం ఎదురుచూడనవసరం లేదు. దారికి అడ్డంగా సామగ్రి, వాహనాలు పెట్టి రాకపోకలకు ఆటంకం కలిగిస్తే 285వ సెక్షన్ కింద రూ.5,000 వరకు జరిమానా ఉంది. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా యజమాని జాగ్రత్త వహించకపోతే 291వ సెక్షన్ వర్తిస్తుంది. ఈ రెండింటిలోనూ పోలీసులు నేరుగా చర్య తీసుకోవచ్చు.

అంతగా తెలియని తలుపు ఆర్డీవో కార్యాలయం

భూముల పనులకే ఆర్డీవో కార్యాలయమన్న అభిప్రాయం ప్రజల్లో ఉంది. అయితే కలెక్టర్ జిల్లా మేజిస్ట్రేట్ అయినట్లే, ఆర్డీవో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌గానూ వ్యవహరిస్తారు. నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ వీరికి విశేష అధికారాలిచ్చింది. పాత చట్టంలో ఇది 133వ సెక్షన్. దీని కింద ఈ దిగువ అంశాలపై ఉత్తర్వు కోరవచ్చు.

• బహిరంగ ప్రదేశం, దారి, కాల్వలను ఆక్రమించిన అడ్డంకులు, ప్రజాబాధల తొలగింపు
• ప్రజారోగ్యానికి హాని చేసే వ్యాపారం, సరకుల నిల్వపై నియంత్రణ
• అగ్నిప్రమాదానికి, పేలుడుకు ఆస్కారమున్న నిర్మాణాలు, పదార్థాలు
• కూలే స్థితిలో ఉన్న ఇల్లు, గోడ, చెట్టు
• దారి పక్కన కంచె లేని బావి, గుంత, చెరువు
• ప్రమాదకరమైన జంతువు

పోలీసు నివేదిక అందినా, ఇతరత్రా సమాచారం వచ్చినా మేజిస్ట్రేట్ షరతుతో కూడిన ఉత్తర్వు ఇస్తారు. గడువులోగా అడ్డంకి తొలగించాలి, లేదంటే హాజరై కారణం చెప్పాలి. ప్రమాదం ముంచుకొస్తుంటే విచారణ ముగిసేలోపే తాత్కాలిక ఆదేశం ఇవ్వడానికి 161వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. సక్రమంగా జారీ అయిన 152వ సెక్షన్ ఉత్తర్వును సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదు. పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట కొన్ని మేజిస్ట్రేట్ అధికారాలు కమిషనర్‌కూ ఉంటాయి. కనుక దరఖాస్తు ప్రతిని జిల్లా మేజిస్ట్రేట్ అయిన కలెక్టర్‌కు కూడా పంపడం మేలు.

నిధులు లేవన్న సమాధానం ఈ సెక్షన్ ముందు నిలవదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో బహిరంగ మురుగుతో బాధపడిన వీధివాసులు 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించారు. కాల్వలు కట్టాలన్న ఆదేశంపై పురపాలక సంఘం సుప్రీంకోర్టు వరకు వెళ్లి, డబ్బు లేదని వాదించింది. 1980లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రజారోగ్యాన్ని కాపాడటం పురపాలక సంఘం ప్రాథమిక బాధ్యత అని, ఆర్థిక ఇబ్బంది సాకు కాదని తేల్చింది. పక్కింటివారిపైనే కాదు, పని చేయని స్థానిక సంస్థపైనా ఈ సెక్షన్‌ను ప్రయోగించవచ్చని దీనివల్ల స్పష్టమైంది.

మురుగు, చెత్త, వీధి దీపాలు

పట్టణంలో ఇవన్నీ మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. పాలకవర్గం ఉన్నప్పుడు వార్డు కౌన్సిలర్‌కు, లేనప్పుడు ప్రత్యేకాధికారికి ప్రతి ఇవ్వాలి. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలను నిర్దేశించింది. వార్డులో పారిశుద్ధ్య లోపాలను ఈ కమిటీల దృష్టికి తీసుకెళ్లడం సులువైన మార్గం. ఖాళీ స్థలాల్లో నీరు నిలిచి దోమలు పెరుగుతున్నా, అనుమతి లేని కట్టడంతో దారి కుంచించుకుపోయినా ఫిర్యాదు పురపాలక సంఘానికే చేయాలి.

గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అందులో విషయం ప్రస్తావించి, తీర్మానాల పుస్తకంలో రాయించడం ముఖ్యం. నోటిమాటగా చెప్పింది మరుసటి సభ నాటికి ఎవరికీ గుర్తుండదు.

డీజేల మోత

2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్ స్పీకర్లు వాడరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో వాటిపై నిషేధం ఉంది. సాంస్కృతిక, మతపరమైన పండుగల వేళ ఏడాదికి 15 రోజులు మించకుండా, అర్ధరాత్రి 12 వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వాణిజ్య ప్రాంతాల్లో అది 65, 55. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తారు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటరాదు.

ఈ నిబంధనలను అమలు చేసే అధికారుల్లో కలెక్టర్, పోలీస్ కమిషనర్, డీఎస్పీకి తగ్గని హోదాలో నియమితులైన అధికారి ఉంటారు. మోత జరుగుతుండగా 112కు ఫోన్ చేయాలి. తరచూ జరిగే చోటు అయితే తేదీలు, సమయాలు రాసి ఏసీపీ కార్యాలయంలో వినతిపత్రం ఇవ్వాలి. కరీంనగర్ కమిషనరేట్‌లో డీజేల వినియోగం, బహిరంగ మద్యపానంపై సిటీ పోలీస్ చట్టం కింద నిషేధాజ్ఞలు జారీ చేస్తుంటారు. అవి అమల్లో ఉన్నాయేమో స్టేషన్‌లో అడిగి, ఫిర్యాదులో పేర్కొనవచ్చు.

కుక్కలు, కోతులు

వీధి కుక్కలను చంపడం, దూర ప్రాంతాల్లో వదిలివేయడం చట్టవిరుద్ధం. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల మేరకు వాటిని పట్టి, సంతానోత్పత్తి నిరోధక శస్త్రచికిత్స, టీకా చేయించడం స్థానిక సంస్థ బాధ్యత. చికిత్స పూర్తయిన కుక్కలను తిరిగి అదే ప్రాంతంలో వదలాలని, రేబిస్ సోకినవి, సోకిందన్న అనుమానమున్నవి, దాడి స్వభావం గలవి మాత్రం వదలరాదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఆదేశించింది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తరలించి, తిరిగి అక్కడ వదలవద్దని పేర్కొంది. కనుక బడి వద్ద కుక్కల బెడద ఉంటే ప్రధానోపాధ్యాయుల ద్వారా కమిషనర్‌కు రాయించడం ఉత్తమం.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టరాదు. ఆలస్యం చేయకుండా హుజూరాబాద్ ప్రాంతీయ ఆసుపత్రికో, సమీప ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లి, వైద్యులు చెప్పిన తేదీలన్నిటికీ టీకా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

కోతుల విషయంలో స్థానిక సంస్థతో పాటు అటవీ శాఖకూ తెలపాలి. ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలోని నిర్మల్ సమీపాన, గండి రామన్న వద్ద 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైంది. పట్టిన కోతులకు అక్కడ సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసే ఏర్పాటు ఉంది. సొంతంగా ఉచ్చులు, విషం పెట్టడం మనుషులకూ ప్రమాదమే.

తీగలు, రహదారులు

తెగిన తీగ, వంగిన స్తంభం, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తే 1912కు తెలపాలి. ఈ ప్రాంతానికి విద్యుత్ సరఫరా చేసేది ఉత్తర మండల పంపిణీ సంస్థ. బల్బు మార్చడం పురపాలక సంఘం పని, తీగ సరిచేయడం విద్యుత్ సంస్థ పని. ఈ తేడా తెలియక వీధి దీపాల ఫిర్యాదులు రెండు కార్యాలయాల మధ్య నలుగుతుంటాయి. సంస్థ స్పందించకుంటే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు.

హుజూరాబాద్ మీదుగా వెళ్లే 563వ నంబరు జాతీయ రహదారిపై ప్రమాదకర గుంతలు, అడ్డంకులు ఉంటే 1033కు ఫోన్ చేయాలి. రాష్ట్ర రహదారులు రోడ్లు భవనాల శాఖవి. పట్టణ అంతర్గత రోడ్లు పురపాలక సంఘానివి.

బెల్టు దుకాణాలు, గంజాయి

లైసెన్సు లేకుండా ఇళ్లలో, కిరాణా కొట్లలో మద్యం అమ్మితే ప్రొహిబిషన్, ఎక్సైజ్ శాఖకు గానీ, పోలీసులకు గానీ తెలపవచ్చు. గంజాయి, ఇతర మత్తు పదార్థాల సమాచారానికి రాష్ట్రంలో 1908 నంబరు ఉంది. సమాచారమిచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఇటువంటివారితో ఒంటరిగా గొడవకు దిగడం క్షేమం కాదు.

వేధింపుల విషయంలో యువతులు, మహిళలు షీ బృందాలను ఆశ్రయించవచ్చు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన ఈ బృందాలు తర్వాత జిల్లాలన్నిటికీ విస్తరించాయి. గృహహింసకు గురయ్యేవారికి 181 అందుబాటులో ఉంటుంది.

దరఖాస్తు ఇలా రాయాలి

ఒక దరఖాస్తులో ఒకే సమస్య ఉండాలి. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరికి ఏం హాని జరుగుతోంది, ఏ చర్య కోరుతున్నారు అన్న నాలుగు అంశాలు చాలు. తిట్లు, ఊహలు, పాత కక్షల ప్రస్తావన వద్దు. వీధిలోని నలుగురైదుగురు సంతకం చేస్తే అది ఒకరి తగాదాగా కాక అందరి బాధగా నమోదవుతుంది. తేదీ తెలిసేలా తీసిన ఫొటోలు జతపరచాలి. నమూనా ఇది:

‘‘గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి. మా వార్డు .... వీధిలో .... ఇంటి నుంచి .... వరకు కాల్వ పూడిపోయి .... తేదీ నుంచి మురుగు రోడ్డుపై నిలిచింది. ఈ దారిన పిల్లలు బడికి వెళుతున్నారు. .... తేదీన ఒకరు జారిపడి గాయపడ్డారు. కాల్వ పూడిక తీయించి, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపగలరని ప్రార్థన. జత: ఫొటోలు. ఇట్లు, వీధివాసులు.’’

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే అదే దరఖాస్తును రిజిస్టర్డ్ తపాలాలో పంపి రసీదు దాచుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే తర్వాతి మెట్లన్నీ కష్టమవుతాయి.

స్పందన లేకుంటే..

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ముద్ర వేసిన ప్రతిని జతపరిచి వినతి ఇవ్వాలి. అక్కడ ఇచ్చే నంబరుతో పురోగతి తెలుసుకోవచ్చు. దానితో పాటు సమాచార హక్కు చట్టం, 2005 కింద ‘‘నా దరఖాస్తుపై ఏ తేదీన ఏ అధికారి ఏ చర్య తీసుకున్నారు’’ అని అడగవచ్చు. గ్రామస్థాయిలో రుసుం లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపై స్థాయిలో రూ.10 చెల్లించాలి. 30 రోజుల్లో సమాధానం రావాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

గోడ, వాన నీరు, చెట్టు కొమ్మల వంటి ఇరుగుపొరుగు వివాదాలు ముందుగా పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుకోవడమే మంచిది. కుదరకుంటే న్యాయసేవాధికార సంస్థ ద్వారా కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లవచ్చు. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు లేదు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, నిర్ణీత ఆదాయం లోపువారు ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకు 15100కు ఫోన్ చేయాలి. ప్రజాబాధపై కోర్టు అనుమతితో ఇద్దరు లేదా అంతకు మించిన వ్యక్తులు కలిసి దావా వేసే వీలును సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కల్పించింది. తమకు ప్రత్యేకంగా నష్టం జరిగిందని వారు చూపనవసరం లేదు.

దాచుకోవాల్సిన నంబర్లు

అత్యవసర పోలీసు సహాయం: 112
అంబులెన్సు: 108
అగ్నిమాపక శాఖ: 101
విద్యుత్: 1912
జాతీయ రహదారులు: 1033
రైల్వే: 139
మహిళల సహాయం: 181
బాలల సహాయం: 1098
వయోవృద్ధుల సహాయం: 14567
సైబర్ మోసాలు: 1930
మత్తు పదార్థాల సమాచారం: 1908
ఉచిత న్యాయ సహాయం: 15100

కంచె లేని బావి, వేలాడే తీగ, పిచ్చికుక్క గురించి ప్రమాదం జరిగాక మాట్లాడుకోవడం కన్నా, ఈ వారమే వీధివాసులు కూర్చుని ఒక్క సమస్యను ఎంచుకుని, దానికి తగిన కార్యాలయంలో ముద్ర వేయించుకుని రావడం మేలు. ఆ కాగితంపై తేదీ పడిన నాటి నుంచి జవాబు చెప్పవలసిన బాధ్యత అధికారులది అవుతుంది.